స్క్రిప్టు ఫైలు ఏ ప్రోగ్రాములో తెరుచుకోవాలి: విండోస్‌లో సరిచేసుకునే పద్ధతి

కంప్యూటర్‌కు ఆజ్ఞలు రాసి ఉన్న స్క్రిప్టు ఫైలు మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు రెండింటిలో ఒకటి జరుగుతుంది. అందులో రాసి ఉన్నది చదువుకోవడానికి వీలుగా తెర మీద తెరుచుకుంటుంది, లేదా అందులోని ఆజ్ఞలన్నింటినీ కంప్యూటర్ ఆ క్షణమే అమలు చేస్తుంది. ఏది జరగాలన్నది ఫైలు లోపల రాసి ఉండదు. ఫైలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌కు విండోస్ ఏ ప్రోగ్రామును జత చేసి ఉంచిందో దానిని బట్టే ఉంటుంది. ఆ జత మన చేతిలోనే ఉంది కాబట్టి దానిని చూడడం, మార్చడం, చెడిపోతే సరిచేయడం కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్ వంటి పట్టణాల్లో ఒక కంప్యూటర్‌ను ఒక్కరే వాడడం తక్కువ. జిరాక్స్, డీటీపీ సెంటర్లలో పొద్దున్నుంచి రాత్రి వరకు పెన్‌డ్రైవులు మారుతూనే ఉంటాయి. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోని కాలేజీల పిల్లలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన తమ ప్రాజెక్టులను ప్రింటు తీయించుకోవడానికి అక్కడికే తెస్తారు. మిర్యాలగూడ వైపు ఒక రైస్ మిల్లులో, యాసంగి వడ్లు దిగే రోజుల్లో, ధర్మకాంటా గదిలోని కంప్యూటర్‌లో కాంటా చీటీల సాఫ్ట్‌వేర్‌ను మొదలుపెట్టేది డెస్క్‌టాప్ మీది ఒక చిన్న బ్యాచ్ ఫైలే (విండోస్ ఆజ్ఞలను వరుసగా రాసి ఉంచిన ఫైలు) కావచ్చు. ఇటువంటి చోట నేను పాటించమని కోరే నియమం ఒక్కటే: డబుల్ క్లిక్ చేస్తే స్క్రిప్టు తెరుచుకోవాలి గాని నడవకూడదు, నడపడం అన్నది మనిషి తెలిసి, వేరుగా చేసే పనిగా ఉండాలి. బ్యాచ్ ఫైళ్లు మాత్రం ఈ నియమానికి మినహాయింపు. దానికి కారణం తర్వాత వివరిస్తాను.

మొదట ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా చేయండి

విండోస్ తనకు తెలిసిన రకం ఫైళ్ల ఎక్స్‌టెన్షన్‌ను మామూలుగా దాచి పెడుతుంది. ఈ దాచిపెట్టడం వల్ల జరిగిన నష్టానికి పెద్ద ఉదాహరణ 2000 సంవత్సరం మే నెలలో ప్రపంచమంతా పాకిన 'ఐ లవ్ యూ' వైరస్. ఈమెయిల్‌కు జతగా వచ్చిన ఆ ఫైలు పేరు చివర 'డాట్ టీఎక్స్‌టీ డాట్ వీబీఎస్' అని రెండు తోకలు ఉండేవి. చివరిది దాగిపోవడంతో చూసేవారికి అది మామూలు టెక్స్ట్ ఫైలులా కనిపించింది, నొక్కగానే స్క్రిప్టుగా నడిచింది. ఈ రోజుకూ ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో 'బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ జేఎస్' అనే ఫైలు వస్తే, ఎక్స్‌టెన్షన్లు దాగి ఉన్న కంప్యూటర్‌లో అది 'బిల్లు డాట్ పీడీఎఫ్' అనే కనిపిస్తుంది.

విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన ఉన్న 'వ్యూ' నొక్కి, అందులో 'షో'కు వెళ్లి, 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' దగ్గర టిక్కు పెట్టండి. విండోస్ 10లో ఫోల్డర్ పైభాగంలోని 'వ్యూ' ట్యాబ్‌లోనే ఆ పేరుతో ఒక చిన్న గడి ఉంటుంది. అప్పటి నుంచి ప్రతి ఫైలు పూర్తి పేరుతో కనిపిస్తుంది. అయితే పేరు మార్చేటప్పుడు చివరి భాగాన్ని చెరపకుండా జాగ్రత్త పడాలి. పొరపాటున చెరిపితే ఫైలు పనికిరాకుండా పోవచ్చని విండోస్ హెచ్చరిస్తుంది, అప్పుడు 'నో' నొక్కితే సరిపోతుంది.

ఇప్పుడున్న జతను తెలుసుకోవడం

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ప్రాపర్టీస్' తెరిస్తే, మొదటి ట్యాబ్‌లోనే 'టైప్ ఆఫ్ ఫైల్' అన్న చోట అది ఏ రకమో, దాని కింద 'ఓపెన్స్ విత్' అన్న చోట ఏ ప్రోగ్రాములో తెరుచుకుంటుందో రాసి ఉంటుంది. ఏ మార్పూ చేయని విండోస్‌లో డాట్ జేఎస్ (జావాస్క్రిప్ట్), డాట్ వీబీఎస్ (వీబీస్క్రిప్ట్) ఫైళ్లు విండోస్ స్క్రిప్ట్ హోస్ట్ అనే ప్రోగ్రాముకు జత అయి ఉంటాయి, అంటే డబుల్ క్లిక్ చేస్తే నడుస్తాయి. విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ అనే ఆజ్ఞల ప్రోగ్రాము కోసం రాసే డాట్ పీఎస్1 ఫైలు మాత్రం నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మైక్రోసాఫ్ట్ భద్రత కోసమే దానిని అలా ఉంచింది. డాట్ పీవై ఫైలుకు పైథాన్ వేసే వరకు జత ఏదీ ఉండదు, లినక్స్ నుంచి వచ్చిన డాట్ ఎస్‌హెచ్ ఫైలుకూ అంతే.

డాట్ జేఎస్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వెబ్ డిజైనింగ్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే. తాము రాసిన జావాస్క్రిప్ట్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో నడుస్తుందని వారు అనుకుంటారు. నిజానికి దానిని అందుకునేది స్క్రిప్ట్ హోస్ట్. అది తన పాత జేస్క్రిప్ట్ ఇంజిన్‌తో నడపబోతుంది. వెబ్ పేజీలో మాత్రమే ఉండే 'డాక్యుమెంట్' అనే వస్తువు అక్కడ ఉండదు కాబట్టి తెర మీద ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో మొదటి వరుసలో ఫైలు ఉన్న చోటు, తర్వాత ఏ లైను, ఏ అక్షరం అన్న అంకెలు, ఆ కింద 'డాక్యుమెంట్ ఈజ్ అన్‌డిఫైన్డ్' అనే మాట, 800ఏ1391 అనే కోడు కనిపిస్తాయి. దీనిని చూసి విద్యార్థి తన ప్రోగ్రాములోనే తప్పుందని గంటల తరబడి వెతుకుతాడు. ప్రోగ్రాములో తప్పేమీ ఉండకపోవచ్చు, ఆ ఫైలు చేరకూడని చోటికి చేరింది, అంతే. జావాస్క్రిప్ట్ ఫైలును వెబ్ పేజీలో కలిపి, ఆ హెచ్‌టీఎంఎల్ పేజీని బ్రౌజర్‌లో తెరవాలి.

జతను మార్చే పద్ధతి

డాట్ జేఎస్ ఫైలును నోట్‌ప్యాడ్‌కు జత చేయడంతో మొదలుపెడదాం. ఏదైనా ఒక డాట్ జేఎస్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, 'ఓపెన్ విత్'లో 'చూజ్ అనదర్ యాప్' ఎంచుకోండి. విండోస్ 11లో వచ్చే జాబితాలో నోట్‌ప్యాడ్‌ను నొక్కి, కింద ఉన్న రెండు బటన్లలో 'ఆల్వేస్' నొక్కాలి. పక్కనున్న 'జస్ట్ వన్స్' నొక్కితే ఈ ఒక్కసారికే వర్తిస్తుంది. విండోస్ 10లో 'ఆల్వేస్ యూజ్ దిస్ యాప్' అన్న గడిలో టిక్కు పెట్టి 'ఓకే' నొక్కాలి. మార్చాననుకున్నా మారలేదని చెప్పేవారిలో చాలామంది ఆ టిక్కు పెట్టడం మరిచిపోయినవారే. మీకు కావలసిన ప్రోగ్రాము జాబితాలో లేకపోతే, జాబితాను చివరి వరకు జరిపితే కంప్యూటర్‌లో వెతికి చూపించే వీలు కూడా ఉంటుంది.

ఇదే పనిని సెట్టింగ్స్ నుంచీ చేయవచ్చు. 'యాప్స్'లో 'డిఫాల్ట్ యాప్స్'కు వెళితే విండోస్ 11లో పైన ఒక వెతుకుడు పెట్టె ఉంటుంది. అందులో చుక్కతో సహా ఎక్స్‌టెన్షన్ టైపు చేస్తే ఇప్పుడున్న ప్రోగ్రాము కనిపిస్తుంది, దాని మీద నొక్కి మార్చుకోవచ్చు. చేతిలో ఆ రకం ఫైలు లేకుండానే ముందుగా జత చేసి ఉంచడానికి ఈ దారి ఉపయోగపడుతుంది. డీటీపీ సెంటర్‌లో కొత్త కంప్యూటర్ పెట్టిన రోజే ఇక్కడికి వచ్చి డాట్ జేఎస్, డాట్ జేఎస్‌ఈ, డాట్ వీబీఎస్, డాట్ వీబీఈ, డాట్ డబ్ల్యూఎస్‌ఎఫ్, స్క్రిప్ట్ హోస్ట్ నడిపే ఈ ఐదింటినీ నోట్‌ప్యాడ్‌కు జత చేయమని నేను గట్టిగా చెబుతాను. ఎవరి పెన్‌డ్రైవులో ఏముందో తెలియని చోట ఇంత తక్కువ శ్రమతో దొరికే రక్షణ మరొకటి లేదు. పొరపాటున నొక్కినా తెర మీద నాలుగు లైన్ల రాత కనిపిస్తుంది తప్ప ఏదీ నడవదు. వీబీస్క్రిప్ట్‌ను క్రమంగా తొలగించనున్నట్టు మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులోనే ప్రకటించింది కాబట్టి దానిని డబుల్ క్లిక్‌తో నడిపే అలవాటును వదులుకోవడానికి అది మరో కారణం. కంప్యూటర్‌లో వాడే అకౌంటింగ్ ప్యాకేజీ ఏదైనా వీబీఎస్ ఫైలు మీద ఆధారపడి ఉందేమో మాత్రం మార్చే ముందు ఒకసారి చూసుకోవాలి.

పైథాన్ ఫైళ్లు

పైథాన్ దగ్గర చిక్కులు ఎక్కువ. పైథాన్ సాధారణ ఇన్‌స్టాలర్ డాట్ పీవై ఫైళ్లను నేరుగా పైథాన్‌కు కాకుండా, 'పీవై' అనే చిన్న లాంచర్‌కు జత చేస్తుంది. కంప్యూటర్‌లో రెండు మూడు పైథాన్ వెర్షన్లు ఉన్నప్పుడు ఫైలు మొదటి లైనును చూసి ఏ వెర్షన్‌తో నడపాలో నిర్ణయించేది ఆ లాంచరే. ఈ సంగతి తెలియక చాలామంది 'ఓపెన్ విత్'లో కంప్యూటరంతా వెతికి పైథాన్ ప్రోగ్రామునే చూపించి 'ఆల్వేస్' నొక్కుతారు. అప్పటికి ఫైలు నడుస్తుంది. కొన్నాళ్లకు పాత వెర్షన్ తీసేసి కొత్తది వేసినప్పుడు ఆ జత లేని చోటికి దారి చూపుతుంది. అంతేకాక, కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీలో) స్క్రిప్టు పేరును మాత్రమే టైపు చేసి, దాని పక్కన ఇచ్చే విలువలు కూడా స్క్రిప్టుకు అందవు, ఎందుకంటే ఇలా చేత్తో కలిపిన జతలో ఫైలు పేరు ఒక్కటే లోపలికి వెళుతుంది.

ఇలా చెడిన జతను సరిచేయడానికి సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్డ్ యాప్స్'కు వెళ్లి, పైథాన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'మాడిఫై' ఎంచుకోండి. తెరుచుకున్న ఇన్‌స్టాలర్‌లో మళ్లీ 'మాడిఫై', ఆపై 'నెక్స్ట్' నొక్కితే 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' పేజీ వస్తుంది. అక్కడ 'అసోసియేట్ ఫైల్స్ విత్ పైథాన్' దగ్గర టిక్కు ఉండేలా చూసి పూర్తి చేయండి. తర్వాత డాట్ పీవై ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్'లో రాకెట్ బొమ్మతో కనిపించే లాంచర్‌ను ఎంచుకుని 'ఆల్వేస్' నొక్కితే జత పాత దారికి వస్తుంది.

డబుల్ క్లిక్ చేస్తే నల్ల కిటికీ ఒక్కసారి మెరిసి మాయమవుతోందంటే జత చెడిందని అనుకోవద్దు. స్క్రిప్టు నడిచి, పని ముగించి, కిటికీ మూసుకుందన్నమాట. తప్పేమైనా వచ్చి ఉంటే అది చదివే లోపే పోతుంది. ఫైలు ఉన్న ఫోల్డర్ తెరిచి, పైన దారి చూపించే అడ్రస్ బార్‌లో నొక్కి, అక్కడున్నది చెరిపి 'సీఎండీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ కొడితే, కమాండ్ ప్రాంప్ట్ అదే ఫోల్డర్‌లో తెరుచుకుంటుంది. అక్కడ 'పీవై' అని టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, స్క్రిప్టు ఫైలును మౌసుతో ఆ కిటికీలోకి లాగి వదిలితే దాని పూర్తి దారి దానంతటదే పడుతుంది. ఎంటర్ కొడితే స్క్రిప్టు నడిచి, ఫలితమైనా తప్పైనా తెర మీదే నిలిచి ఉంటుంది. నేర్చుకునేవారు మొదటి రోజు నుంచే ఇలా నడపడం అలవాటు చేసుకుంటే మేలు.

ఇక డబుల్ క్లిక్‌కు డాట్ పీవైని ఎడిటర్‌లో (రాతను చూసి దిద్దుకునే ప్రోగ్రాములో) తెరవాలా, లాంచర్‌తో నడపాలా? పదిమంది వాడే కంప్యూటర్‌లో తప్పకుండా ఎడిటర్‌లోనే తెరవాలి. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ గాని విజువల్ స్టూడియో కోడ్ గాని ఉంటే దానికే జత చేయండి. ఒక్క విషయం ముందే తెలిసి ఉండాలి: పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్‌కు రైట్ క్లిక్ మెనూలో ఉండే 'ఎడిట్ విత్ ఐడిల్' అన్న వరుస, జతను వేరే ప్రోగ్రాముకు మార్చగానే సాధారణంగా మాయమవుతుంది. ఆ వరుస లాంచర్‌తో కలిసి ఉన్న జతకు చెందినది. కాలేజీ ల్యాబుల్లో ఎక్కువగా ఐడిల్‌లోనే నేర్పుతారు కాబట్టి, విద్యార్థి తన సొంత ల్యాప్‌టాప్‌లో జతను లాంచర్‌కే ఉంచుకుని రైట్ క్లిక్‌తో ఐడిల్‌లో తెరుచుకోవడం మంచిది.

జత సరిగా ఉందో లేదో పరీక్షించడానికి నోట్‌ప్యాడ్‌లో చిన్న ఫైలు రాసుకోవచ్చు. మొదటి లైనులో ప్రింట్ అని, బ్రాకెట్లలో ఏవైనా రెండు అంకెల కూడిక, రెండో లైనులో ఇన్‌పుట్ అని, దాని పక్కన ఖాళీ బ్రాకెట్లు రాయండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే ఉండాలి. దాచేటప్పుడు 'సేవ్ యాజ్ టైప్' దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోవడం ముఖ్యం, లేకపోతే నోట్‌ప్యాడ్ చివర డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఫైలు ఎన్నిసార్లు నొక్కినా టెక్స్ట్‌గానే తెరుచుకుంటుంది. జత లాంచర్‌కు ఉంటే డబుల్ క్లిక్ చేయగానే నల్ల కిటికీలో కూడిక మొత్తం కనిపించి, మీరు ఎంటర్ కొట్టే వరకు నిలిచి ఉంటుంది.

బ్యాచ్ ఫైళ్ల జతను మార్చవద్దు

డాట్ బీఏటీ, డాట్ సీఎండీ ఫైళ్లను ఎడిటర్‌కు జత చేయాలన్న ఆలోచన ఎంత మంచి ఉద్దేశంతో వచ్చినా వదిలేయండి. ఎన్నో సాఫ్ట్‌వేర్లు తమ పనిలో భాగంగా బ్యాచ్ ఫైళ్లను లోలోపల పిలుస్తుంటాయి. ధర్మకాంటా దగ్గర వడ్ల ట్రాక్టర్లు వరుసలో నిలబడి ఉన్నప్పుడు కాంటా సాఫ్ట్‌వేర్‌కు బదులు నోట్‌ప్యాడ్ తెరుచుకుంటే ఆ రోజు పని ఆగిపోతుంది. బ్యాచ్ ఫైలులో ఏముందో చూడాలంటే రైట్ క్లిక్ చేసి 'ఎడిట్' నొక్కితే చాలు. విండోస్ 11లో అది 'షో మోర్ ఆప్షన్స్' లోపల ఉండవచ్చు. అసలు బ్యాచ్ ఫైలును ఎవరూ కదపని ఫోల్డర్‌లో ఉంచి డెస్క్‌టాప్ మీద దాని షార్ట్‌కట్ మాత్రమే పెట్టండి. ఎవరైనా షార్ట్‌కట్‌ను చెరిపినా అసలు ఫైలు పదిలంగా ఉంటుంది.

ఇప్పటికే ఎవరో ఈ జతను మార్చి ఉంటే సరిచేసే దారి ఉంది. స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్‌ను వెతికి, రైట్ క్లిక్ చేసి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరవండి. అందులో ఇంగ్లీషులో ఏ, ఎస్, ఎస్, ఓ, సి అక్షరాలు కలిపి టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, చుక్క, బీఏటీ, ఈక్వల్ గుర్తు, ఆపై 'బ్యాట్‌ఫైల్' (బి, ఏ, టి, ఎఫ్, ఐ, ఎల్, ఈ) అనే మాటను మధ్యలో ఖాళీ లేకుండా రాసి ఎంటర్ కొట్టండి. ఈ ఆజ్ఞ పవర్‌షెల్ కిటికీలో పనిచేయదు, కమాండ్ ప్రాంప్టే కావాలి. ఇదే ఆజ్ఞను ఈక్వల్ గుర్తు లేకుండా, ఎక్స్‌టెన్షన్ వరకు మాత్రమే టైపు చేస్తే ఇప్పుడున్న జతను చూపిస్తుంది, ఏమీ మార్చదు.

పవర్‌షెల్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకోవడం లోపం కాదు, దానిని అలాగే ఉండనివ్వండి. నడపాలనుకున్నప్పుడు రైట్ క్లిక్ చేసి 'రన్ విత్ పవర్‌షెల్' ఎంచుకోవచ్చు.

మార్చినా మారనప్పుడు

విండోస్ రెండు చోట్ల జతలను రాసుకుంటుంది. ఒకటి కంప్యూటర్ మొత్తానికి వర్తించేది, రెండోది ఒక్కో యూజర్ తన చేత్తో ఎంచుకున్నది. రెండూ ఉన్నప్పుడు యూజర్ ఎంపికదే పైచేయి. పైన చెప్పిన ఆజ్ఞ మార్చేది మొదటి దానిని మాత్రమే కాబట్టి, యూజర్ అంతకుముందే 'ఆల్వేస్' నొక్కి ఉంటే ఆజ్ఞ సరిగా నడిచినా ఫలితం కనిపించదు. పైగా విండోస్ 8 నుంచి యూజర్ ఎంపిక పక్కన ఒక రహస్య హ్యాష్ (ఎంపిక మారిందో లేదో సరిచూసే కోడు) కూడా రాసి పెడుతుంది. ఏదైనా ప్రోగ్రాము దానిని దొంగచాటుగా మారిస్తే హ్యాష్ సరిపోక విండోస్ ఆ మార్పును ఒప్పుకోదు. కాబట్టి రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోట) విలువలు దిద్ది జత మారుస్తామని చెప్పే చిన్న చిన్న ఉచిత ప్రోగ్రాములను నమ్మకండి. 'ఓపెన్ విత్' నుంచి, లేదా సెట్టింగ్స్ నుంచి మళ్లీ ఎంచుకోవడమే సరైన మార్గం. డిఫాల్ట్ యాప్స్ పేజీ అడుగున 'రీసెట్' బటన్ ఉంటుంది గాని అది స్క్రిప్టులతో పాటు ఫొటోలు, పాటలు, బ్రౌజర్ జతలన్నింటినీ మొదటి స్థితికి తెస్తుంది, ఒక్క ఎక్స్‌టెన్షన్ కోసం దానిని నొక్కవద్దు.

ఇంటర్నెట్ నుంచి దిగిన స్క్రిప్టు అయితే జత సరిగా ఉన్నా విండోస్ అడ్డుకోవచ్చు. అటువంటి ఫైలు ప్రాపర్టీస్ అడుగున 'అన్‌బ్లాక్' అనే గడి కనిపిస్తుంది. ఎవరు పంపారో, లోపల ఏముందో ఎడిటర్‌లో చదివి చూసిన తర్వాతే అక్కడ టిక్కు పెట్టాలి.

ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వాడేవారికి కొద్ది మాటలు చాలు. అక్కడ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్'లో ప్రోగ్రామును ఎంచుకుని, ఆ రకం ఫైళ్లన్నింటికీ ఎల్లప్పుడూ అదే వాడమని చెప్పవచ్చు. స్క్రిప్టును నడిపే అనుమతి ఎక్స్‌టెన్షన్‌తో కాక ఫైలు అనుమతులతో ముడిపడి ఉంటుంది, ప్రాపర్టీస్‌లో ప్రోగ్రాముగా నడిపే అనుమతి ఇస్తే గాని అది నడవదు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన డాట్ ఎస్‌హెచ్ ఫైలు 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అని ఆగిపోతే, లైన్ల చివర విండోస్ చేర్చిన అదనపు గుర్తే కారణం. ఎడిటర్‌లో లైన్ ఎండింగ్‌ను యూనిక్స్ రకానికి మార్చి దాచితే నడుస్తుంది.

ఒకే కంప్యూటర్‌లో యజమానికి ఒక అకౌంటు, పనిచేసేవారికి ఇంకో అకౌంటు ఉంటే, మీరు ఎంచుకున్న జతలు మీ అకౌంటుకే వర్తిస్తాయి. ఎక్కువ పెన్‌డ్రైవులు పెట్టేది పనిచేసేవారి అకౌంటులోనే కాబట్టి, అందులోకి కూడా లాగిన్ అయి డాట్ జేఎస్, డాట్ వీబీఎస్ జతలను మళ్లీ మార్చి, ఒక్కో రకం ఖాళీ ఫైలు తయారు చేసి డబుల్ క్లిక్ చేసి నోట్‌ప్యాడే తెరుచుకుంటోందని చూసుకోండి.